మా అత్తగారి మొదటి చావు

ఎండలు మండిపోతున్నాయని, వానలు దారి తప్పాయని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాతావరణం మారడం మనకు దొరికిన వరం! ఈ మాట ఆషామాషీగా అనడం లేదు. ఏసీ వేసుకుని, తలుపులు బిగించుకుని, తీరిగ్గా ఆలోచించి అంటున్నాను. చెమట పట్టేచోట ఎవరికైనా సరైన ఆలోచన వస్తుందా?

పాత రోజులు ఒక్కసారి గుర్తు చేసుకోండి. వానాకాలంలో వానలు పడేవి. చలికాలంలో చలి వేసేది. ఎంత విసుగు! క్యాలెండరు చూస్తే చాలు, కిటికీలోంచి చూడాల్సిన పనే ఉండేది కాదు. ఇప్పుడో? పొద్దున ఆఫీసుకు బయల్దేరే మనిషి స్వెటరూ, గొడుగూ, చలవ కళ్లద్దాలూ ఒకే సంచిలో సర్దుకుంటున్నాడు. రోజుకో సస్పెన్సు! లిఫ్టులో ఏళ్ల తరబడి మొహాలు తిప్పుకున్న ఇరుగుపొరుగులు "ఏంటండీ ఈ ఉక్క!" అని ఆప్యాయంగా పలకరించుకుంటున్నారు. మా పక్కింటాయన పెళ్లిరోజుకి భార్యకు ట్యాంకరు నీళ్లు కానుకగా తెప్పించాడు. ఆవిడ ఆనందబాష్పాలు రాల్చింది. అవి కూడా పొదుపుగానే.

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం వేరే ఉంది. ఎండావానలకు ఎంత పిచ్చెత్తితే మనిషి అంత రాటుదేలతాడు. దీన్ని పెద్ద పెద్ద ఆఫీసుల్లో 'అడాప్టేషన్' అంటారు. కంగారు పడకండి, మన ఇళ్లలో కొత్త కోడలికి చెప్పే మాటే అది. సర్దుకుపో తల్లీ! కోడలికి చెప్పేటప్పుడు ప్రొజెక్టరు ఉండదు, అంతే తేడా.

సాక్ష్యం కావాలా? మా అత్తగారి ఊరు చూపిస్తాను, రండి.

ఊరంటే ఊరు కాదు. కొండ మీద కొన్ని ఇళ్లు, ఇళ్ల చుట్టూ మెట్లు మెట్లుగా జొన్న చేలు. అక్కడివాళ్ల భాష వేరు, మొక్కులు వేరు, మనతో కలిసింది నేలా ఆకాశమే. నేను వాళ్ల పిల్లని చేసుకున్నప్పుడు మావాళ్లు ముక్కున వేలేసుకున్నారు. కొండవాళ్లు మాత్రం నన్ను చూసి జాలిపడ్డారు, పాపం వీడికి నాగలి పట్టడం కూడా రాదని. ఎన్నికలప్పుడు కూడా లెక్కకు రానంత కొద్దిమంది వాళ్లు. అభ్యర్థులు కొండ ఎక్కితే ఆయాసం వస్తుందని కింద నిలబడే చెయ్యి ఊపి వెళ్లిపోతారు.

అయినా ప్రభుత్వం వాళ్లని మరిచిపోయిందని అనకండి. వాన కబుర్లు వాళ్ల సెల్‌ఫోన్లకూ వస్తాయి. మన భాషలో. మన బస్తీలో పడే వాన గురించి! మా బావమరిది అది ఎవరిచేతో చదివించుకుని, "బావా, రేపు మీ ఊళ్లో వానట, గొడుగు తీసుకెళ్లు" అని ఫోన్ చేస్తాడు. వాడి పుణ్యాన నేను ఇంతవరకూ తడవలేదు.

ఇక వాళ్ల సేద్యం సంగతి. ఆ ఊళ్లో విత్తడం అందరూ ఒకే రోజు విత్తుతారు. ఒకరి కంటే ఒకరు ముందు వేయకూడదు. తొలి గుప్పెడు ఊళ్లో అందరికంటే పెద్దామె చల్లాలి. ఆవిడే మా అత్తగారు. పంటంతా ఒకేసారి పండితే పిట్టలు కూడా అందరి చేలల్లోనూ సమానంగా తిని పోతాయని వాళ్ల లెక్క. ఎప్పటినించో బాగానే నడిచింది. ఎందుకంటే అప్పుడు వాన కూడా అందరికీ ఒకే రోజు వచ్చేది.

ఆ ఏడాది తొలకరి దంచి కొట్టింది. అత్తగారు తొలి గుప్పెడు చల్లారు, ఊరంతా విత్తింది. మర్నాటినించి ఎండ. మొలకలు మాడిపోయాయి. తర్వాత మళ్లీ మబ్బు పట్టింది. అత్తగారు మళ్లీ తొలి గుప్పెడు చల్లారు. "ముందుది రిహార్సలు అనుకోండి," అన్నాడు మా బావమరిది. మబ్బు కూడా రిహార్సలే అనుకుందేమో, ఉరిమి వెళ్లిపోయింది. ఒకరి గింజ పోయినా ఇంకొకరి దగ్గర మిగిలి ఉంటే అడగొచ్చు. అందరూ ఒకే రోజు విత్తితే అందరి గింజా ఒకే రోజు పోతుంది. ఊళ్లో విత్తనమన్నది లేకుండా పోయింది.

సర్కారు ఆఫీసువాళ్లు ఊరుకున్నారా? వెంటనే విత్తనాలు పంపారు! ఎంత వరద వచ్చినా నీళ్లలో మునిగి బతికే వరి విత్తనాలు. కొండ మీదికి! ముందుచూపంటే అదీ. సముద్రం అంత ఎత్తుకు వచ్చిన రోజున మా అత్తగారి ఊరు ఒక్కటే కోతకు సిద్ధంగా ఉంటుంది.

ఊళ్లో విత్తనం లేదన్నానా? పూర్తిగా నిజం కాదు. ఉంది. ముట్టుకోవడానికి లేదు.

ఆ ఊళ్లో తల నెరవడం మొదలైన ప్రతి ఆడమనిషీ ఒక బాన పెట్టుకుంటుంది. పెద్ద మట్టి బాన. ప్రతి కోతకీ అందులో పాత గింజ తీసేసి కొత్త గింజ పోస్తుంది, ఏటా ఇంత చొప్పున పెంచుకుంటూ పోతుంది. అది తినడానికి కాదు, అమ్మడానికి కాదు. ఆమె పోయిన రోజున, గొయ్యి దగ్గర ఏడుపులు అయ్యాక, ఆ బాన మూత తీస్తారు. ఇంటింటివాళ్లూ ఇంత తీసుకెళ్లి తమ చేలో చల్లుతారు. ఆ మొలక మోకాలెత్తు లేచాకే పోయినామె నిశ్చింతగా ఊరు దాటుతుందట. మొలక లేనివాళ్లు గడప దగ్గరే నిలబడిపోతారట. అందుకని పస్తులు పడుకుంటారు గానీ బతికున్నామె బాన ముట్టరు.

తల నెరిసిన ఆడవాళ్లు చాలామంది అప్పటికే పిల్లల వెంట కొండ దిగిపోయారు. ఉన్నవాటిలో పెద్ద బాన మా అత్తగారిదే.

ఆ రోజు మా అత్తగారి ముందు గదిలో ఊరంతా కూర్చుంది. మా బావమరిది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు చెబుతాడు. పొయ్యి పొగకు నల్లబడిన గోడ, గోడ వారగా బాన, బాన మీద పలకరాయి, రాయి చుట్టూ మట్టి మెత్తిన అంచు. గదిలో ఒక్కరు కూడా బాన వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి అందరూ నానా తంటాలు పడుతున్నారు.

"ఈ ఏటికి వదిలేద్దాం. కిందకి దిగి కూలి చేసుకుందాం," అన్నాడు ఊరిపెద్ద. మా అత్తగారికి వరసకు మరిది.

"దిగినవాళ్లు ఎవరైనా మళ్లీ ఎక్కారా?" అన్నారు అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తూ. "మొన్న నీ మనవడు వచ్చాడు కదా. దాహమేస్తే మన మాటల్లో నీళ్లడగడం కూడా రాలేదు వాడికి."

ఊరిపెద్ద తల గోక్కున్నాడు.

"అయితే నేను చచ్చిపోతాను," అన్నారు అత్తగారు.

ఎవరూ కంగారుపడలేదు. ఆ మాట ఆవిడ కోడలి వంట బాగాలేని ప్రతిసారీ అంటూనే ఉంటారు.

"ఉత్తినే అనట్లేదు. మన పద్ధతి ప్రకారమే చస్తాను. పాడె కట్టండి, గొయ్యి తవ్వండి, ఏడవండి. ఆ తర్వాత బాన తీయండి."

"బతికుండగా ఎలా వదినా?"

"నేను పోయేదాకా నువ్వు ఆగుతావు. చేను ఆగుతుందా?"

అప్పుడు మా బావమరిది అడిగాడు, అడగకూడనిది. "అమ్మా, మరి నువ్వు నిజంగా పోయినప్పుడో?"

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. ఆ ఊళ్లో ఎవరికైనా పాడె ఒక్కసారే, ఏడుపు ఒక్కసారే, విత్తడం ఒక్కసారే. రెండోసారి లేదు. ఎంత గొప్పవాళ్లకైనా లేదు.

"అప్పుడేముందిరా," అన్నారు ఆవిడ. "గడప దగ్గర నిలబడతాను. ఇప్పుడు మాత్రం ఎక్కడున్నాను?"

మర్నాడు మా బస్తీకి వానసూచన. మా బస్తీలో వాన పడ్డాక కొండ మీద మబ్బు ఎక్కడం అప్పుడప్పుడూ ఉంది. అందుకని ముహూర్తం మర్నాడే అన్నారు. నేను ఆఫీసులో సెలవు అడిగాను.

"అత్తగారు పోయారా? అయ్యో, ఎప్పుడు?" అన్నాడు మా మేనేజరు.

"రేపు పొద్దున పోతున్నారండీ."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

"వానసూచన ఉంది సార్."

సెలవు ఇచ్చాడు. చెప్పానుగా, వాతావరణం మారాక మనుషుల్లో అవగాహన పెరిగింది.

చావు చాలా బాగా జరిగింది. అత్తగారు స్నానం చేసి, కొత్త బట్ట కట్టుకుని, తనంతట తానే పాడె ఎక్కి పడుకున్నారు. పోయినామె మాట్లాడకూడదు. ఆవిడ మాట్లాడారు. "ఆ మూల రాయి ఉంది, చూసి నడవండి." "ఒరేయ్, భుజం మార్చుకో, ఒంగిపోతున్నావు." "గొయ్యి ఇంత పొట్టిగా తవ్వారేంట్రా, కాళ్లు ముడుచుకుని పడుకోవాలా?" నవ్వాలో ఏడవాలో తెలియక జనం పెదాలు బిగబట్టారు. తర్వాత మా ఆవిడ ఒక్కసారిగా బావురుమంది. నటన కాదు. నేలమీద కూలబడి, వెక్కి వెక్కి.

అత్తగారు పాడె మీద లేచి కూర్చున్నారు. "ఏడవవే," అన్నారు మెల్లగా. "బాగా ఏడు. మళ్లీ ఏడవడానికి ఉండదు."

ఆ మాటకి ఊరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఉక్క ఎక్కువగా ఉండటం వల్ల అయ్యుంటుంది.

బాన మూత తీశారు. గింజ నిగనిగలాడుతోంది. పోయినామె కాబట్టి తొలి గుప్పెడు ఆవిడ చల్లకూడదు. గట్టు మీద కూర్చుని, పెళ్లిలో వడ్డన చూసే పెద్దదానిలా, ఎవరు దట్టంగా చల్లుతున్నారో, ఎవరు పలచగా చల్లుతున్నారో కేకలేసి చెప్పారు. సాయంత్రానికి వాన పడింది. దంచి కొట్టకుండా, వెలిసిపోకుండా, నేలకు ఎంత కావాలో అంతే పడింది.

చూశారా! పాత రోజుల్లో అయితే ఈ అద్భుతం జరిగేదా? వానలు వేళకు పడి ఉంటే మా అత్తగారిలో ఇంత ప్రతిభ ఉందని ఎవరికి తెలిసేది?

చనిపోయాక ఆవిడ జీవితం కూడా హాయిగా సాగింది. పోయినవాళ్లకు ముందు పెట్టాలని వాళ్ల నియమం. అందరికంటే ముందు ఆవిడ కంచంలో గంజి పోసి, గోడవైపు తిప్పి పెట్టేవాళ్లు. అందరూ తిని లేచాకే ఆవిడ ముట్టుకోవాలి. చల్లారిన గంజి! మా బావమరిది అలవాటుగా "అమ్మా" అని పిలిస్తే, "చచ్చినదాన్ని పిలుస్తావేంట్రా" అని కసిరేవారు. కసిరాక ఎందుకు పిలిచాడో కనుక్కునేవారు. పోయినవాళ్లను ఎవరూ సలహా అడగరు. ఆవిడకు ఆ ఒక్కటే కష్టంగా ఉండేది.

జొన్న మోకాలెత్తు లేచింది. కొండ మీద పచ్చదనం కనిపించేసరికి అడాప్టేషన్ ఆఫీసరు వచ్చాడు. ఎండలో కూడా గొడుగు వేసుకునే మనిషి కాబట్టి ఊరివాళ్లు గొడుగాయన అనేవాళ్లు. ఆయన మాట వాళ్లకు, వాళ్ల మాట ఆయనకు చెప్పడానికి నన్ను పిలిచారు. అల్లుడి వల్ల ఆ ఊరికి దక్కిన ఉపయోగం అదొక్కటే.

"చుట్టుపక్కల అంతా ఎండిపోతే మీరెలా పండించారు?" అన్నాడు గొడుగాయన.

"మా అమ్మ చచ్చిపోయిందండీ," అన్నాడు మా బావమరిది.

గొడుగాయన గొడుగు కొద్దిగా దించి సంతాపం తెలిపాడు. ఈలోగా అత్తగారు ఆయనకు చెంబుతో మంచినీళ్లు తెచ్చారు.

"ఈవిడ ఎవరు?"

"ఆవిడేనండీ."

సంగతంతా విన్నాక ఆయన కళ్లు మెరిశాయి. "రెసిలియెన్స్!" అన్నాడు. ఎన్ని దెబ్బలు తిన్నా మళ్లీ లేచి నిలబడటమట. దాన్ని వాళ్ల భాషలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. "మెచ్చుకుంటున్నారు" అన్నాను. తర్వాత ఆయన చేలన్నీ తిరిగి, అత్తగారి ఖాళీ గొయ్యి దగ్గర ఆగిపోయాడు. వాననీళ్లు నిండుగా ఉన్నాయి. దూడ ఒకటి తాగుతోంది. "ఇంకుడు గుంత కూడా తవ్వుకున్నారే!" అని అన్ని వైపులనించీ ఫోటోలు తీశాడు.

అప్పుడు అత్తగారు నన్ను పక్కకు పిలిచారు. "అల్లుడూ, చచ్చినదాన్ని, నేను అడగకూడదు. అయినా అడుగుతున్నానని చెప్పు. కొండ కింద ఆనకట్ట ఉంది కదా. దాని నీళ్లు పైకి ఎక్కించడానికి పైపు వేస్తామన్నారు. అది వేస్తే మా ఆడవాళ్లు ఎవరి చావు వాళ్లు చస్తారు."

నేను చెప్పాను. పొల్లు పోకుండా చెప్పాను.

గొడుగాయన నవ్వాడు. "మీకు పైపెందుకమ్మా? మీరే అందరికీ ఒక పాఠం! సాయం చేయాల్సింది సర్దుకోలేనివాళ్లకి." వెళ్తూ వెళ్తూ నన్ను అడిగాడు. "ఊళ్లో తల నెరిసిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారా?"

"ఉన్నారండీ, కొంతమంది."

"అయితే ఇంకొన్నేళ్లు ఢోకా లేదు," అన్నాడు సంతృప్తిగా.

ఊరికి షీల్డు వచ్చింది. పైపు మా బస్తీకి వచ్చింది. ఎందుకు రాదు? సర్దుకోవడం మాకు చేతకాదు కదా! ఒక్కపూట నీళ్లు రాకపోతే మేము రోడ్డెక్కుతాం, టైర్లు కాలుస్తాం, బస్సులు ఆపుతాం. అంత అసమర్థులం. మా కాలనీ పార్కులో ఇప్పుడు ఫౌంటెన్ కూడా పెట్టారు. రంగు లైట్లతో. మాలాంటి నిస్సహాయులను ఆదుకున్న అధికారులకు ఈ కాలమ్ ద్వారా కృతజ్ఞతలు.

పోయిన చలికాలంలో మా అత్తగారు రెండోసారి పోయారు.

ఈసారి పాడె మీద ఏమీ మాట్లాడలేదు. గొయ్యి సిద్ధంగానే ఉంది గానీ అక్కడ పాతిపెట్టడం కుదరలేదు. ఆఫీసువాళ్లు దాని చుట్టూ కంచె కట్టి, నమూనా ఇంకుడు గుంత అని బోర్డు పెట్టారు. పాడుచేస్తే నేరం. పక్కన ఇంకొకటి తవ్వారు. పద్ధతి ప్రకారం ఎవరూ ఏడవలేదు. విత్తడానికి బాన లేదు. ఊరంతా పళ్లు బిగపట్టుకుని నిలబడి, మట్టి కప్పి వచ్చేసింది. గుమ్మం దాటేటప్పుడు మా బావమరిది కొంచెం పక్కకు ఒదిగి, ఎవరికో దారి ఇచ్చినట్టు లోపలికి వెళ్లాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుని, కుళాయి మొత్తం తిప్పేసింది. బకెట్టు నిండి పొర్లి, గడప మీదుగా నీళ్లు హాల్లోకి వచ్చాయి. మా కుళాయిలో ఇప్పుడు నీళ్ల ధాటి బాగుంది. లోపల ఏ చప్పుడూ బయటకు వినపడదు. నేను తలుపు తట్టలేదు.

ఈ ఏడాది కూడా తొలకరి మోసం చేసింది. కొండ మీదే ఉండే మా పెద్ద వదిన, అంటే మా ఆవిడ అక్క, పోయిన వారం పోయింది. నిన్న ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడిగింది. ఆవిడ బాన చిన్నదట. తల ఈ మధ్యే నెరిసింది కదా, సగం చేలకు కూడా సరిపోలేదట.

అయితే ఏం? అడాప్టేషన్ ఆగుతుందా? మొన్న బాల్కనీలోకి వెళ్లి చూస్తే, ఏసీ పెట్టె పక్కన, బట్టలారేసే తాడు కింద, కొత్త మట్టి బాన ఉంది. ఇదేంటని అడిగాను.

"ముట్టుకోకండి," అంది మా ఆవిడ. తల దువ్వుకుంటోంది. పాపిట పక్కన ఒక్క తెల్ల వెంట్రుక, ఎండకు మెరుస్తోంది.

పాఠకులారా, వాతావరణం మారడం వరమేనని ఇందాకే చెప్పాను. మాట మీద నిలబడే మనిషిని. మీరంతా ధైర్యంగా ఉండండి, సర్దుకుపోండి. నేను మాత్రం ఆ సాయంత్రమే వీధి చివర దుకాణానికి పరుగెత్తి, నల్లరంగు హెయిర్ డై ఉన్నవన్నీ కొనుక్కొచ్చాను. నాకు చేతనైన అడాప్టేషన్ అది.

మా ఆవిడ వాటిని చూసి నవ్వింది. తీసి, బాన మూత మీద పెట్టింది.